చిట్టీ అడగని మందుల షాపు

మొన్న కడుపులో గడబిడగా ఉంటే వీధి చివరి మెడికల్ షాపుకు వెళ్లి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు నాలుగు అడిగాను. "డాక్టర్ చిట్టీ ఉన్నదా సార్? లేకుంటే ఇయ్యరాదు. గీ ఎర్ర గీత సూడుండ్రి" అన్నాడు కుర్రాడు. నిజమే. ఎర్ర గీత ఉన్న మందును డాక్టరు చెప్పకుండా మింగొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో దేశమంతా చాటింది. నాలాంటి బాధ్యత లేని పౌరుల వల్లే సూక్ష్మజీవులు మందులకు లొంగడం మానేస్తున్నాయట. సిగ్గుపడి, ఇంటికొచ్చి వాము నీళ్లు తాగి పడుకున్నాను.

షాపు ఎంపికలోనే పొరబడ్డానని తర్వాత తెలిసింది. నేను పోవాల్సింది హైదరాబాద్ శివారు పటాన్‌చెరు వాగుకు. వాగు చిట్టీ అడగదు.

అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి దాదాపు 90 మందుల కంపెనీల నుంచి వ్యర్థజలాలు వచ్చేవి. శుద్ధి అయ్యి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో లెక్క చెప్పారు: లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోలు పోతోందని అంచనా కట్టారు. 90 లక్షల జనమున్న స్వీడన్ అయిదు రోజులు పొదుపుగా వాడుకునే మందును మనం ఒక్కరోజులో వాగుకు ధారపోశాం. అదీ శుద్ధి చేశాక! మన మందులు లోకమంతా చవగ్గా దొరుకుతున్నాయంటే ఊరికే కాదు. బిళ్లలు పరదేశానికి, బిల్లు పటాన్‌చెరుకు.

ఈ ఉచిత వైద్యం వల్ల బాగుపడింది బ్యాక్టీరియా. పిల్లలు అమీర్‌పేటలో చేరినట్టు అవి వాగులో కోచింగ్‌కు చేరతాయి. రోజూ మందుతో మాక్ టెస్టు. బలహీనమైనవి మొదటి రౌండులోనే పోతాయి. తట్టుకున్నవి ర్యాంకర్లు. పైగా మన పిల్లల్లా నోట్సు దాచుకోవు. మందును ఎలా ఎదుర్కోవాలో చెప్పే జన్యువును పక్క జాతి బ్యాక్టీరియాకు సైతం జిరాక్స్ తీసి ఇచ్చేస్తాయి. ఫీజు లేదు, హాస్టల్ ఖర్చు లేదు. ప్లేస్‌మెంట్ మాత్రం ఏ ఆసుపత్రి ఐసీయూలోనో ఖాయం.

ప్రభుత్వం ఊరుకుందని అనకండి, పాపం. పటాన్‌చెరు నీళ్లు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసి గోదావరికి పోయేవి. జనం గోలపెట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. చివరికి 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీళ్లను అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కణ్నుంచి మూసీ, మూసీ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణ. ఆరోపణలొచ్చిన అధికారిని వేరే జిల్లాకు పంపినట్టు కాలుష్యాన్ని బదిలీ చేశారు. నీళ్ల వాటా తేలక రెండు తెలుగు రాష్ట్రాలూ ట్రిబ్యునళ్ల చుట్టూ తిరుగుతుంటే, మందు వాటాను మాత్రం గోదావరికి, కృష్ణకు ఏ ట్రిబ్యునలూ లేకుండానే పంచేశాం!

ఇక చట్టం సంగతి. ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెబుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. వాగుకూ ఎర్ర గీత పడుతోందని సంబరపడ్డాం. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చాయి. యాంటీబయాటిక్ పరిమితులు అందులో లేవు. నాలుగు బిళ్లలు అడిగిన నాకు గీసిన గీత చెరగని సిరాతో గీసింది. కిలోలకు కిలోలు వదిలేవాళ్లకు గీసింది నీటి మీద రాత.

ఈసారి షాపుకు వెళ్లేటప్పుడు ఆ ముసాయిదాను చేతిలో పట్టుకెళ్లి, వాగుకు ఇది పనికొస్తుందేమో చూడమని కుర్రాణ్ని అడుగుతాను. వాడు అలవాటు ప్రకారం తిప్పి, వెనక వైపు తేదీ చూస్తాడు.

"ఎక్స్‌పైరీ అయిపోయింది సార్."