తెల్ల పొడి: ఒక కార్బురేటర్ టోపీ ఆత్మకథ

పాత అంబాసిడర్ కారు బానెట్ ఎత్తి చూసినవాళ్లకి నేను తెలుసు. ఇంజిన్ పక్కన గుడి గంటలా కూర్చుని ఉంటాను. కింద వెడల్పాటి అంచు, పైన సన్నటి మెడ, మెడ మీద చిన్న మూత. పుస్తకాల్లో నా పేరు సక్షన్ ఛాంబర్. మా తాత మాత్రం టోపీ అంటాడు. నాకూ ఆ పేరే ఇష్టం.

మాది ఎస్.యు. కార్బురేటర్ల వంశం. ఎస్.యు. అంటే స్కిన్నర్ యూనియన్. ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన స్కిన్నర్ సోదరులు దీన్ని కనిపెట్టారు. అందుకే కాబోలు, మొదట్లో నా పని చేసింది తోలుతిత్తి. తరవాత ఆ తోలు పోయి లోహం వచ్చింది. కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి నన్ను తీశారు. లోపల ఒక పిస్టన్‌ని జత చేశారు. ఇంజిన్ గాలి పీల్చినప్పుడల్లా అది నాలో పైకి లేస్తుంది. దాని అడుగున ఉన్న కోసు సూది జెట్‌లోంచి పైకి వచ్చినకొద్దీ పెట్రోలు దారి వెడల్పవుతుంది. ఎంత గాలికి అంత పెట్రోలు. ఆ పిస్టన్ నా గోడకి తగలకూడదు, దూరంగానూ ఉండకూడదు. మధ్య సందు వెంట్రుకంత. అందుకే ఒకరి పిస్టన్ ఇంకొకరి టోపీలో పెట్టరు.

విశాఖలో నా బతుకు టాక్సీలో మొదలైంది. రైల్వే స్టేషన్ ముందు నిలబడి సింహాచలానికీ భీమిలికీ జనాన్ని మోశాం. అన్నిటికన్నా అరకు ఘాటీ అంటే నాకు ప్రాణం. అనంతగిరి మలుపుల్లో డ్రైవరు కాలు నొక్కినప్పుడల్లా పిస్టన్ లేచేది, దిగేది. వలిసె పూల వాసన గాలితో పాటు నా కిందనుంచే ఇంజిన్‌లోకి పోయేది. అప్పట్లో నేను మెరుస్తున్నానా లేదా అని ఎవరూ చూడలేదు. బండి కదిలితే చాలు.

కాలం మారింది. సవారీలు తగ్గాయి. బండి గాజువాక వైపు ఒక రేకుల షెడ్డుకి చేరింది. 2014 మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. రేకులు ఎగిరిపోయాయి. ఉప్పునీళ్లు వానలా కొట్టాయి. తరవాత చాన్నాళ్లు బానెట్ లేకుండా నేను ఆకాశం కిందే ఉన్నాను. పగలు బొగ్గు నుసి, రాత్రి సముద్రపు తేమ. కొన్నాళ్లకి ఒళ్లంతా తెల్ల పొడి లేచింది. పొడి కింద సూదితో పొడిచినట్టు గుంటలు.

ఆ పొడి సంగతి చెప్పాలి. అల్యూమినియానికి గాలి తగిలిన క్షణంలోనే ఒంటి మీద పల్చటి పొర కడుతుంది. కంటికి కనపడదు. అదే మాకు కవచం. ఉప్పులోని క్లోరైడు ఆ పొరని అక్కడక్కడా చీల్చి లోపలికి దిగుతుంది. దిగినచోట లోహం తెల్ల పొడైపోతుంది. మా పొర అల్యూమినా. ఈ తెల్ల పొడి దానికి దగ్గరి చుట్టం. మేం పుట్టేదీ అల్యూమినాలోంచే. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో బాక్సైట్ నుంచి తీసిన అల్యూమినా కొండలు దిగి రైళ్లలో ఈ విశాఖ రేవుకే వస్తుంది, ఇక్కడే ఓడలెక్కుతుంది. నా పుట్టుకా, నా జబ్బూ ఒకే ఊళ్లో ఎదురుపడ్డాయన్నమాట.

అప్పుడొచ్చాడు తాత. ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన రోజు తాను అక్కడే ఉన్నానని ఎవరు కూర్చుంటే వాళ్లకి చెబుతాడు. బండిని కొని ఇంటి వాకిట్లో పెట్టాడు. నన్ను విప్పి, లోపల ఒక వేలు పెట్టి మెల్లగా తిప్పి చూశాడు. "లోపల బాగుంది" అన్నాడు. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది.

ముందు కిరసనాయిల్లో నానబెట్టి పాత బ్రష్షుతో జిడ్డు వదిలించాడు. మామ్మ గడపలో కూర్చుని చూస్తోంది.

"అన్ని రోజులు రుద్దే బదులు కాస్త సింతపండెట్టి తోమీరాదా?"

"ఇది ఇత్తడి సెంబు కాదే. పులుపు పడదు, సోడా అసలే పడదు. కాస్టిక్ సోడాలో యేత్తే బుడగలొచ్చి కరిగిపోద్ది."

నిజమే. మమ్మల్ని ఆమ్లమూ తింటుంది, క్షారమూ తింటుంది.

తరవాత వాటర్ పేపరు. బకెట్ నీళ్లలో ఒక బొట్టు సబ్బు. మొదట 320 నంబరు. గుంటల అడుగు తేలేదాకా రుద్దాడు, అంటే వాటి చుట్టూ ఉన్న నన్ను తగ్గించాడు. నాకు మెరుపు అద్దుతున్నారని మనవరాలు అనుకుంది. అద్దేదేమీ లేదు, అంతా తీసెయ్యడమే. 320 నిలువుగా, 400 అడ్డంగా, మళ్లీ 600 నిలువుగా. అడ్డంగా రుద్దితే పాత గీతలు ఎదురు తిరిగి కనిపిస్తాయి. ఒక్క గీత మిగిలినా తాత తరవాతి నంబరుకి పోడు. 1000, 1500, 2000. ఆ చివరి కాగితం దగ్గర నీళ్లు బూడిదరంగులో జారేవి. నా ఒళ్లు పొగమంచు పట్టిన అద్దంలా అయింది. ఇదంతా ఎనిమిది సాయంత్రాలు.

తొమ్మిదో రోజు డ్రిల్లుని వైసులో బిగించి గుడ్డ చక్రం పెట్టాడు. చక్రానికి తెల్లటి పాలిష్ కడ్డీ పూశాడు. ఆ కడ్డీలో ఉన్నది ఏమిటనుకున్నారు? మెత్తటి అల్యూమినా పొడి. నా ఒంటి మీద లేచిన పొడి చుట్టమే నన్ను తేర్చడానికి వచ్చింది. ఇనుము రుద్దిన చక్రాన్ని దగ్గరికి రానివ్వలేదు. దానిలోని ఇనప రజను నా మెత్తటి ఒంట్లో దిగబడి తుప్పు తెస్తుంది. తుప్పూ అల్యూమినియం పొడీ కలిసినచోట రవ్వ పడితే ఎంత మంట లేస్తుందో ఉక్కు మనిషికి చెప్పక్కర్లేదు. రైలు పట్టాలు అతికేది ఆ మంటతోనే.

అంత జాగ్రత్తలోనూ ఒక్కసారి పైఅంచు చక్రానికి తగిలింది. చేతిలోంచి లాగేసి గోడకి కొట్టింది. అంచు మీద గోరంత నొక్కు. తాత డ్రిల్లు ఆపి, నన్ను తీసి, చాలాసేపు ఒళ్లో పెట్టుకున్నాడు. అదృష్టం, లోపలి గుండ్రం చెడలేదు. ఆ తరవాత ఎప్పుడూ కింది భాగమే చక్రానికి చూపించాడు.

గుడ్డ నల్లబడింది. నేను తెల్లబడ్డాను. మనవరాలు వంగి చూస్తే తన ముఖం నా మీద పొడుగ్గా సాగి కనిపించింది. నవ్వింది. గుడ్డ తీసుకుని వేలు నా లోపలికి పెట్టబోయింది.

"లోపల కూడా మెరిపించేద్దాం తాతా."

తాత గభాల్న చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మలూ. లోపల రుద్దకూడదు. ఒక్క పూత అరిగినా పిస్టన్‌కీ దీనికీ సందు పెరిగిపోద్ది. బండి సచ్చిపోద్ది. మెత్తని గుడ్డకి పెట్రోలు తడిపి తుడు, అంతే."

ఆ పిల్ల అలాగే తుడిచింది. ఇన్నేళ్లలో నా లోపలికి అంత మెత్తగా వచ్చిన చెయ్యి ఇంకోటి లేదు.

పైన మైనం పూశారు. అయినా ఉప్పు గాలి ఊరుకోదు. మైనం అరిగినచోట మసక కమ్ముతుంది, తాత గుడ్డ తీస్తాడు. నొక్కు మాత్రం అలాగే ఉంచాడు.

నన్ను బిగించిన రోజు మెడలో నూనె పోయకముందే వేలితో పిస్టన్‌ని ఎత్తి వదిలాడు. అది తగలకుండా, ఆగకుండా జారి కింద కూర్చుంది.

టక్.

"ఇంకోసారి తాతా," అంది పిల్ల. మళ్లీ ఎత్తి వదిలాడు.