శాలువాల శాఖ మంత్రి గారికి

గౌరవనీయులైన శాలువాల శాఖ మంత్రివర్యుల సముఖానికి,

విషయం: ఎప్పటికీ పతకం తేలేని ఆడపిల్లలకు ఆడుకునే చోటు ఇప్పించవలసిందిగా మనవి.

అయ్యా,

మీ శాఖ పేరు ప్రభుత్వ జాబితాలో ఎక్కడా లేదని తెలుసు. మొదట క్రీడల శాఖకే రాద్దామనుకున్నాను. కానీ మీ శాఖలో ఉన్న చురుకు ఇంకెక్కడా కనపడలేదు. పతకంతో పిల్ల విమానం దిగేసరికి గజమాల, డప్పులు, పూలజల్లు, పైకప్పు లేని జీపు అన్నీ సిద్ధం. పని జరిగే చోటే అర్జీ పెట్టుకోవాలి కదా.

ముందుగా మీ పనితనానికి జోహార్లు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో కాంస్యం ఎత్తాక శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పేరు పేపర్లకెక్కింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి సంగతీ అంతే. మేధోవైకల్యంతో పుట్టిన ఆ పిల్లను ఊళ్లో ఎవరెవరు ఏమన్నారో తల్లిదండ్రులే విలేకరులకు చెప్పుకున్నారు. శిక్షణకు హైదరాబాద్ పంపమని కోచ్ నాగపురి రమేశ్ అడిగినప్పుడు ఆ కూలి దంపతుల చేతిలో బస్సు చార్జీలకూ డబ్బుల్లేవు. ఆ పిల్లే 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో మేధోవైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ నుంచి కాంస్యం తెచ్చింది. అప్పుడు తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. ఇవ్వాల్సిందే, ఇంకా ఇచ్చినా తప్పులేదు. నా సందేహమల్లా పద్దుల్లోనే. కల్లెడ నుంచి హైదరాబాద్‌కి బస్సు టికెట్ ఏ శాఖ పద్దు కింద వస్తుంది? మీదైతే కాదు. మీ పద్దు పతకం దగ్గర మొదలవుతుంది.

నిజామాబాద్ నిఖత్ జరీన్‌నే చూడండి. ఆడపిల్ల నిక్కరు వేసుకుని ఆడే ఆటేమిటని చుట్టాలు, తెలిసినవాళ్లు గొణిగారు. తండ్రి పట్టించుకోలేదు. ఆమె 2022లో ఒకసారి, 2023లో ఇంకోసారి బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. మనం శాలువా కప్పిన ప్రతి ఆడపిల్ల వెనకా ఇలా ఒక మొండి మనిషి ఉంటాడు. ఒకచోట నాన్న, ఒకచోట డ్రిల్లు మాస్టారు, ఒకచోట కోచ్. మొండివాళ్లు దొరకడం అదృష్టం. దొరకని ఇళ్ల పిల్లల మాటేమిటి?

మా ఊరి హైస్కూలు మైదానానికి ఒకసారి సాయంత్రం ఐదింటికి రండి. ముందు కబురు పెట్టకండి, పెడితే ముగ్గేసి ఆడపిల్లల్ని వరుసలో నిలబెడతారు. అక్కడ మగపిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఘోరంగా ఆడుతుంటారు. అటు పక్క నలభై దాటినవాళ్లు బొజ్జలు ఊపుకుంటూ వాలీబాల్ ఆడుతుంటారు. సర్వీసు నెట్టు దాటితే ఆ పూటకి విశేషమే. వాళ్లలో ఒక్కణ్ణి కూడా ‘నీకు రేపు పతకమొస్తుందా’ అని ఎవరూ అడగరు. ఆడుకోవాలనిపించింది, వచ్చారు. ఆడపిల్ల వెళ్తానంటే మాత్రం ఇంట్లో కోర్టు కూర్చుంటుంది. సెలక్షన్లు ఉన్నాయా? సర్టిఫికెట్ ఇస్తారా? స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందా? ఎండకి నల్లబడితే? చెయ్యి విరిగితే ఎవరు చేసుకుంటారు? బాగా ఆడే పిల్ల అయితే ఒకటి రెండిటికి జవాబు చెప్పుకోగలదు. మామూలుగా ఆడే పిల్ల ఏం చెబుతుంది? ‘నాకు సరదాగా ఉంటుంది’ అంటే మన ఇళ్లలో అది జవాబు కింద లెక్కకు రాదు.

నేను ఆ మామూలు రకం. ఖోఖోలో పరుగెత్తడానికి దిగిన నిమిషానికే ఔటయ్యేదాన్ని. అయినా ఆ పీరియడ్ కోసమే బడికెళ్లేదాన్ని. పదో తరగతి అయింది, ఆటా అయిపోయింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. ఆడదామంటే చోటు లేదు, జట్టు లేదు, అంతే. నాతో చదివిన మగవాళ్లు పైన చెప్పిన బొజ్జల్లో ఇప్పటికీ ఉన్నారు. నాకు వాళ్ల మీద కోపం లేదు, అసూయ ఉంది. చెత్తగా ఆడే హక్కు వాళ్లకి పుట్టుకతో వచ్చింది. మాకు అది కావాలంటే ముందు ఒలింపిక్స్‌కి వెళ్లి రావాలి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి మైదానం, ఆటవస్తువులు, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని రాశారు. మైదానం ఉంది. అది కోతల కాలంలో ధాన్యం ఆరబోతకు, భాద్రపదంలో గణపతికి, ఎన్నికల్లో మీకు. మరుగుదొడ్డీ ఉంది, బడి విడవగానే దానికి తాళం పడుతుంది. ఆటకీ దొడ్డికీ ఏం సంబంధమని మీ పేషీలో ఎవరైనా నవ్వితే, నెలసరి రోజుల్లో ప్రాక్టీసుకొచ్చే పిల్లని అడగమనండి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షన్ మొత్తం ఆటల గురించే. వసతులు వాళ్లకు అనువుగా మార్చాలని కూడా అందులో ఉంది. దగ్గర్లోని పట్టణంలో ఓ ఇండోర్ స్టేడియానికి బ్రహ్మాండమైన ర్యాంపు కట్టారు. వీల్‌చైర్ దాని మీదుగా గ్యాలరీ దాకా సాఫీగా వెళ్తుంది. గ్యాలరీ నుంచి కోర్టులోకి దిగడానికి మాత్రం మెట్లే. చప్పట్లు కొట్టడానికి రావొచ్చు, ఆడడానికి రాకూడదని కాబోలు. 2025 నవంబరులో కొలంబోలో మన అంధ మహిళలు వాళ్ల మొట్టమొదటి టీ20 క్రికెట్ ప్రపంచకప్ గెలిచారు. జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి పాంగి కరుణకుమారి కూడా ఉంది. ఆ ఆటలో బంతి ప్లాస్టిక్‌ది, లోపల ఇనప గుళ్లు గలగలమంటాయి. చెవి పెట్టి ఆ చప్పుడు విని బ్యాటు ఊపాలి. కప్పు గెలిచిన పూట మీరు ట్వీటు పెట్టే ఉంటారు. అలాంటి బంతి జిల్లాకి ఎన్ని బళ్లలో ఉందో కాస్త కనుక్కుని చెప్పగలరా?

కోరికలు పెద్దవేం కావు. వారంలో రెండు సాయంత్రాలు మైదానం ఆడవాళ్లదని గేటు మీద రంగుతో రాయించండి. ఎవరో మగమహారాజు దయతలచి జరిగితే దొరికే చోటు మాకొద్దు. బడికి పీఈటీ మేడం ఒకరిని వెయ్యండి, వేసినావిడని జనాభా లెక్కలకీ ఓటర్ల జాబితాకీ పంపకండి. మైదానం చివర దీపం వెలిగితే అక్కడ సీసాలు పట్టుకు కూర్చునేవాళ్లు వాళ్లంతట వాళ్లే లేచిపోతారు. పక్క తండా పిల్లలు ఆట మధ్యలో సంచులు సర్దుకోకుండా ఆఖరి బస్సుని ఓ గంట ఆలస్యంగా నడపండి. వీటికి శంకుస్థాపనలూ రిబ్బన్లూ ఉండవు కనుక మీ శాఖకు ఆసక్తి తగ్గొచ్చని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఏ పోటీలోనూ నెగ్గని ఒక ఖోఖో క్రీడాకారిణి

తా.క.: ఈ లేఖ నచ్చి నాకు సన్మానం తలపెట్టేరు, వద్దు. ఆ శాలువా డబ్బుతో మరుగుదొడ్డికి మారు తాళంచెవి చేయించి పీఈటీ మేడం చేతికివ్వండి. చిల్లర మిగిలితే గిలక బంతి ఒకటి.