నా నంబరు 11డి6సి

నేను గుంజాల గోండి లిపిలో 'య' అక్షరాన్ని. మా హల్లుల్లో మొదటిదాన్ని. తెలుగు పిల్లలు క, ఖ, గ అని మొదలుపెడతారు. మా వరస య, వ, బ, భ, మ అని సాగి, ఆ తర్వాత గానీ 'క' దగ్గరికి రాదు.

మాది ఆదిలాబాద్ జిల్లా గుంజాల. 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం అక్కడి చేతిరాత ప్రతులను వెలుగులోకి తెచ్చేనాటికి నన్ను చదవగలిగిన పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఆ కాగితాలు చివికిపోతే నేనూ పోయేదాన్ని.

ఆ తర్వాత అచ్చులో బతకొచ్చు గానీ, కంప్యూటర్ సంగతి వేరు. కోడ్ లేని అక్షరం అక్కడ బొమ్మగా ఉండాలి, లేదా ప్రత్యేక ఫాంటు సాయంతో ఏ ఇంగ్లీషు అక్షరం చోటులోనో దూరాలి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే గోండి పాఠమంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలైపోతుంది. వెతికినా దొరకదు.

అన్షుమన్ పాండే మా లిపి కోసం ప్రతిపాదన రాశారు. కంప్యూటర్ల కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్, 2018లో తన 11.0 కూర్పులో మమ్మల్ని చేర్చుకుంది. అంతకు ముందు ఏడాదే మాసారం గోండి చేరింది. అది మున్షీ మంగళ్‌సింగ్ మాసారం 1918లో రూపొందించిన లిపి. భాష ఒకటే అయినా రెండు లిపులనూ కలిపేయకుండా ఎవరి చోటు వాళ్లకిచ్చారు. నాకు మరీ ఇష్టమైన సంగతి ఇంకోటుంది. మమ్మల్ని క-ఖ-గ వరసలోకి మార్చలేదు. 11డి6సి దగ్గర నేను, ఆ తర్వాత 11డి71 దగ్గర 'క'. మా పెద్దలు చెప్పిన వరసే యంత్రానికీ వరస.

ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు 'య' మూడు బైట్లు, నేను నాలుగు. యూనికోడ్ తొలి 65,536 స్థానాల్లో తెలుగుకు చోటు దక్కింది, మేం ఆ హద్దు అవతల ఉన్నాం. పాత డేటాబేసులు కొన్ని మూడు బైట్లకు మించి పుచ్చుకునేవి కావు. ఇమోజీలు చాలావరకు మా వైపే ఉండటంతో, వాటి కోసం సాఫ్ట్‌వేర్లను సరిచేశారు. ఆ మేలు మాకూ అందింది.

అయినా ఫాంటు లేని ఫోన్‌లో నేను ఖాళీ పెట్టెనే. నోటో అనే ఫాంటుల్లో మా లిపి ఉంది. 2011 జనగణన లెక్కన గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షల మంది. వాళ్ల కోసం ఆ ఫాంటునూ మా కీబోర్డునూ ఫోన్ అమ్మేటప్పుడే అందులో పెట్టి ఇవ్వాలి.