విమానాల బావ

అమెరికాలో స్థిరపడ్డ ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒక విమానాల బావ ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పొట్టకూటికి, అసలు కొలువు ఆకాశంలో. పెరట్లో దోసపాదుకి నీళ్ళు పెడుతూ, తలైనా ఎత్తకుండా, చప్పుడును బట్టి "ఎయిర్‌బస్ మూడొందల యాభై" అని తేల్చేస్తాడు. నమ్మకపోతే ఫోనులో ఫ్లైట్‌రాడార్ తీసి చూపిస్తాడు. నమ్మినా చూపిస్తాడు.

ఈ బావ చేతికి అడ్డంగా దొరికిపోయేది అత్తమామలు. హైదరాబాద్‌లో ఎక్కి, దుబాయ్‌లో మారి, న్యూయార్క్ జేఎఫ్‌కే నాలుగో టెర్మినల్లో కాళ్ళీడ్చుకుంటూ బయటపడతారు. ఇంకొకడైతే నేరుగా ఎడిసన్‌లో ఇంటికి తీసుకెళ్ళి, ఇంత చారన్నం పెట్టి పడుకోబెడతాడు. బావ మాత్రం పెట్టెలు డిక్కీలో పడేసి, ఎయిర్‌ట్రైన్ ఎక్కించి, టీడబ్ల్యూఏ హోటల్‌కి పట్టుకెళ్తాడు. "విమానంలో భోంచేద్దాం రండి మామయ్యగారూ!" అంటాడు, పూటపూటా విమానంలోనే తింటూ వచ్చిన మనిషితో.

ఆ హోటల్ ఒకప్పటి విమానాశ్రయ టెర్మినల్. ఈరో సారినెన్ గీసిన నమూనా, 1962లో తెరిచారు, 2019లో హోటల్ చేశారు. "పాపం, సారినెన్ అది తెరవడం చూడకుండానే 1961లో పోయాడు" అనేటప్పుడు బావ గొంతు వణుకుతుంది. అత్తగారు ఎవరో దగ్గరి చుట్టమనుకుని "అయ్యో, ఏం జబ్బు బాబూ?" అంటారు. "మెదడులో కణితి అత్తయ్యగారూ." కాసేపు ముగ్గురూ మౌనం పాటిస్తారు.

బయట ఆవరణలో ఉంటుంది అసలు దైవం: 1958 నాటి లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్. నాలుగు ప్రొపెల్లర్లు, మూడు తోకలు, పొట్టలో కాక్‌టెయిల్ బారు. అత్తమామల్ని కిటికీ పక్కన కూలేసి, బావ కాక్‌పిట్‌లో దూరి మీటకో ఫొటో తీసుకొస్తాడు. ఈలోగా అత్తగారు మెనూ అటూ ఇటూ తిప్పి, అన్నం జాడ లేదని రూఢి చేసుకుని, చేతిసంచిలోంచి చేగోడీల పొట్లం తీస్తారు.

"ఈ విమానానికి పెద్ద చరిత్రుంది అత్తయ్యగారూ. టీడబ్ల్యూఏ విమానాల కంపెనీ వదిలించుకున్నాక గంజాయి కూడా మోసింది!"

ఆవిడ పొట్లం లోపల పెట్టేసి, సంచిని ఒళ్ళోకి లాక్కుంటారు.

"2019 మార్చిలో దీన్ని ట్రైలర్ మీద ఎక్కించి టైమ్స్ స్క్వేర్ నడిబొడ్డున నిలబెట్టారు, తెలుసా?" అనేసరికి, అప్పటిదాకా జోగుతున్న మామగారు కళ్ళు తెరుస్తారు. ఆయనది అద్దంకి.

"ఓస్ ఇంతేనా అల్లుడుగారూ! 2022లో మా ఊరి దగ్గర కొరిశపాడు అండర్‌పాస్ కింద విమానమే ఇరుక్కుపోయింది. హోటల్ పెట్టుకోడానికి కొచ్చి నుంచి హైదరాబాద్ తోలుకుపోతున్నారు. ఊరూవాడా సెల్ఫీలే సెల్ఫీలు. నేను చేత్తో తట్టి చూశాను కూడా. మీరు చూశారా?"

బావ నోట మాట రాదు. అలవాటు కొద్దీ ఫోను తీస్తాడు. ఫ్లైట్‌రాడార్‌లో కొరిశపాడు దొరకదు.

ఇక ఇంట్లోవాళ్ళందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని సంగతొకటుంది. ఏ విమానం ఏ గేటుకి ఎన్నింటికొస్తుందో నోటికి చెప్పే ఈ మనిషి, ఇండియా విమానం ఎక్కి ఏళ్ళయింది. వెళ్తే వీసా స్టాంపింగ్ కావాలి, కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరకాలి, ఈలోగా ఉద్యోగం ఉండాలి. గ్రీన్‌కార్డు వరుసేమో తిరపతి సర్వదర్శనం క్యూని మించిపోయింది. సంక్రాంతికి వస్తానని ఏటా చెబుతాడు. ఏ సంక్రాంతికో మాత్రం చెప్పడు. ఎక్కలేనివాడికి చూసుకోవడమే భాగ్యం మరి.

అత్తగారికి ఈ మర్యాదలు పట్టవు. "ఇన్ని విమానాలు తెలిసినవారు, ఒక్కటెక్కి మా ఊరు రాకూడదా బాబూ?" అని సూటిగా అడిగేస్తారు.

బావ చెవి రిక్కిస్తాడు. "ఆ చప్పుడు విన్నారా అత్తయ్యగారూ? జెట్‌బ్లూ!"

"ఎక్కడికట?" అంటారు మామగారు.

బావ ఫోను చూసి, "ఓర్లాండో" అంటాడు.

"దానికి స్టాంపింగ్ అక్కర్లేదుగా? అయితే అదైనా ఎక్కిద్దురూ, అక్కడ అన్నం దొరుకుతుందేమో!"