పడవ కట్టారా? అయితే డబ్బు కట్టండి

తెలుగులో ‘కట్టు’ అన్న మాటంత కష్టజీవి ఇంకోటి లేదు. ఇల్లు కట్టాలన్నా, చీర కట్టాలన్నా, తాళి కట్టాలన్నా, గేదెను గుంజకు కట్టాలన్నా, చివరికి కరెంటు బిల్లు కట్టాలన్నా పాపం అదే పరుగెత్తుకు రావాలి. చెరువు కట్ట, ఏటి బల్లకట్టు కూడా దాని సంతానమే. ఇన్నేళ్లుగా ఆ మాటను వాడుకుంటూ కూడా దాని కష్టం గమనించనివాణ్ణి. మా బావమరిది ఇంగ్లండు నుంచి సెలవు మీద వచ్చాకే గమనించాను.

వాళ్లది కోదాడ, మాది మిర్యాలగూడ. వచ్చిన మర్నాడే ఫోనులో ఫొటో చూపించాడు. నీళ్లు, పచ్చిక, పక్షులు, నడుమ తెల్లటి చిన్న పడవ, పడవలో టోపీ పెట్టుకుని మావాడు. ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో న్యూటౌన్ అని పాత రేవట.

“ఇక్కడ పడవ కట్టినందుకు డబ్బు కట్టాను బావా.”

“ఎక్కినందుకా?”

“ఎక్కినందుకు కాదు. పడవ మా స్నేహితులదే. ఊరికే కట్టేసుకుని రాత్రి అందులో పడుకున్నందుకు.”

మా అత్తగారు వత్తులు చేసుకుంటూ తల ఎత్తారు. “కట్టేసిన పడవకే డబ్బులైతే వదిలేసినదానికి ఎంతరా?” అన్నారు. నిజంగా తెలుసుకుందామనే అడిగారావిడ.

ఆ రేవును చూసుకునేది సర్కారు కాదట, నేషనల్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ. 1895లో పుట్టింది. అందమైన సముద్రతీరాలు, పాత భవంతులు, అడవులు చేతిలో పెట్టుకుని కాపాడుతుంది. పడవల దగ్గర తీసుకున్న సొమ్ము రేవుకూ, పక్షులు తిరిగే బురదనేలలకూ పోతుందని మావాడు చెప్పాడు. బురదకు కూడా బడ్జెట్టా అని నేను నవ్వాను. తర్వాత నవ్వు ఆపి ఆలోచిస్తే ఇది మనకూ తెలిసిన వ్యవహారమే. గుడి ముందు చెప్పుల స్టాండు మరేమిటి? నడిచినందుకు ఎవరూ అడగరు. విడిచినందుకు పది రూపాయలు.

నీటి మీద డబ్బు కట్టడం కృష్ణ ఒడ్డువాళ్లకు కొత్త కాదు. మట్టపల్లి నరసింహస్వామిని చూసుకుని అవతల తంగెడకు పోవాలంటే ఒకప్పుడు బల్లకట్టే గతి. రెండు పడవలను జోడించి పైన చెక్కలు పరిస్తే బల్లకట్టు. దాని మీదికి మనుషులు, సైకిళ్లు, మేకలు, పెళ్లివారి పెట్టెలు, తర్వాత్తర్వాత జీపులు, ట్రాక్టర్లు ఎక్కేవి. రేవును వేలం వేస్తారు. మనవాళ్లు దాన్ని పాట అంటారు. నేను చిన్నప్పుడు రేవు పాట పాడినవాడంటే మంచి గాత్రం ఉన్నవాడనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఆయన గొంతు చిల్లర దగ్గర తప్ప ఎక్కడా లేచేది కాదు. బల్లకట్టు నిండేదాకా కదలదు, నిండాక కూడా ఇంకో నలుగురు వస్తారేమోనని కదలదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఏ రేవులో పుట్టిందో కానీ, ఓడ మల్లయ్య ముందే డబ్బు పుచ్చుకోవడం నేర్చింది మాత్రం ఆ సామెత విన్నాకే అయి ఉంటుంది. ఇప్పుడక్కడ వంతెన ఉంది. స్వామివారికి దండం పెట్టి రెండు నిమిషాల్లో అవతలికి పోవచ్చు. మావాడు బల్లకట్టు లేదని తెగ నొచ్చుకున్నాడు. దాని మీద ఎండలో నిలబడ్డవాణ్ణి నేను, నొచ్చుకోలేకపోయాను.

నాగార్జునసాగర్ సంగతి వేరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట అది. దాని ఎడమ కాలువ నీళ్లతోనే మా మిర్యాలగూడ రైసు మిల్లులు, కోదాడ వరిపొలాలు బతుకుతున్నాయి. నీళ్లలో మునిగిపోయే బౌద్ధ కట్టడాలను ముందే విప్పి, కొన్నిటిని అక్కడి కొండమీద, కొన్నిటిని ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు. ఆ కొండ ఇప్పుడు దీవి. లాంచీకి ఒక టికెట్టు, దీవి మీద పురావస్తు శాఖవారికి ఇంకో టికెట్టు. లాంచీ ఒడ్డున మనకోసం కట్టేసి ఉంటుంది, దానికి మాత్రం అడగరు. ఈ సంగతి చెప్తే మావాడికి కాస్త తృప్తి కలిగింది.

అసలు కథ మా చెరువు దగ్గర జరిగింది. ఏ చెరువు అని అడగకండి. పేరు చెప్పకపోతే సూర్యాపేటవాళ్లు కోదాడదనుకుంటారు, కోదాడవాళ్లు మిర్యాలగూడదనుకుంటారు, మేము సూర్యాపేటదనుకుంటాం. మూడూళ్లూ సుఖంగా ఉంటాయి.

బండి పెట్టినందుకు ఒక టికెట్టు, లోపలికి అడుగుపెట్టినందుకు ఒకటి, బోటింగుకు ఇంకోటి. మూడూ తీసుకుని మావాడితో లోపలికి వెళ్తే హంస ఆకారంలో తొక్కుడు పడవ స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉంది. రంగు పోయిన దాని తల మీద నిజమైన కొంగ కూర్చుని మమ్మల్ని చూస్తోంది. చుట్టూ గుర్రపుడెక్క ఎంత దట్టంగా ఉందంటే పడవ నీళ్లలో ఉందో మడిలో ఉందో తెలియడం లేదు. టికెట్లిచ్చిన కుర్రాణ్ణి అడిగాను, ఇది తీయించరా అని.

“మాది బోటు కాడికే సారూ. నీళ్లేమో ఇరిగేషనోళ్లయి. చేపలు సొసైటోళ్లయి. కట్ట మున్సిపాల్టోళ్లది. శిఖం భూమి రెవిన్యూది.”

“మరి గుర్రపుడెక్క?”

“అదెవ్వలది గాదు సారూ. అందుకే మంచిగ పెరుగుతున్నది.”

నేను విన్న పరిపాలనా ప్రసంగాలన్నిటిలోకీ ఇదే పొట్టిది, ఇదే గట్టిది.

ఒకప్పుడు ఇంత మంది లేరు. ఊళ్లో నీరటికాడు ఒకడుండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంత తడి పారాలో, కట్టకు ఎక్కడ బొరియ పడిందో అతనికే ఎరుక. పంటలో ఇంతని మేర ఇచ్చేవారు. అంతకుముందు రాజుల కాలంలో చెరువు కట్టించినవాళ్లకూ బాగుచేయించినవాళ్లకూ దశబంధం అని మాన్యం రాసిచ్చేవారు. చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో లెక్కవేశారు మనవాళ్లు. అంటే కొడుకును కనడమూ చెరువును తవ్వించడమూ ఒకే వరస. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో 1208 నాటి ఎరకేశ్వరాలయం కట్టినవాళ్లది ఆ కాలమే, గుడి కట్టినవాడు చెరువు కూడా చూసుకునే కాలం. ఈ మధ్య 2015లో మిషన్ కాకతీయ అని మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువుల పూడిక తీస్తామన్నారు, చాలావాటిలో తీశారు. పూడిక ఒకసారి తీస్తే కొన్నేళ్లు ఊరుకుంటుంది. గుర్రపుడెక్కకు ఆ మర్యాద లేదు, రెండు వారాల్లో రెట్టింపవుతుంది.

మావాడు ఇంగ్లండు ఉత్సాహంలో ఉన్నాడు. “మనమే ఒక సంఘం పెడదాం బావా” అన్నాడు. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. సరిగ్గా ఏడుగురం పోగయ్యాం. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి పోగా ఒకాయన ఉత్త సభ్యుడిగా మిగిలిపోయి అలిగాడు. ఆయన్ను సమన్వయకర్తను చేశాం. దాంతో మా సంఘంలో సభ్యులు తప్ప అందరూ ఉన్నారు. చందాలో మొదటి ఖర్చు రబ్బరు స్టాంపు, రెండోది ఫ్లెక్సీ, మూడోది శాలువా. శాలువా ఎవరికో తేలకముందే కొన్నాం.

ఒక ఆదివారం పొద్దున అందరం దిగి గుర్రపుడెక్క లాగాం. పైకి బచ్చలికూరలా అమాయకంగా కనిపిస్తుంది కానీ లాగితే కింద మునీశ్వరుడి గడ్డమంత వేళ్లు. నా ఎడమకాలి చెప్పు బురద మింగేసింది. అక్కడ స్టాండు లేదు మరి. రెండు గంటల్లో కట్ట మీద పెద్ద కుప్ప పోసి, దాని ముందు ఫొటో దిగి, ఇడ్లీ తిని ఇళ్లకు పోయాం. రాత్రి వాన పడింది. తెల్లారి చూస్తే కుప్ప మొత్తం జారి మళ్లీ నీళ్లలో ఉంది.

థర్మాకోల్ తెప్ప మీద ఒక పెద్దాయన చిన్న కర్రతో గుర్రపుడెక్కను పక్కకు నెట్టుకుంటూ వల వేస్తున్నాడు. రోజూ ఆయన నెట్టిన దారి ఒక్కటే ఆ చెరువులో నీళ్లు కనిపించే చోటు. మమ్మల్ని చూసి, “కట్ట మీదేస్తె మల్ల నీళ్లకే వస్తది సారూ. దూరం మోసి ఎండబెట్టాలె” అన్నాడు. సంఘంలో చేరమన్నాం, రుసుం ఏడాదికి 100 రూపాయలే అన్నాం.

“నేనెందుకు సారూ, నాకు పనున్నది” అన్నాడు.

మావాడు ఇంగ్లండు వెళ్లిపోయాడు. సంఘం ఖాతాలో 340 రూపాయలు, మా ఇంట్లో ఒంటి చెప్పు, మడత విప్పని శాలువా ఉన్నాయి. రసీదు పుస్తకంలో ఇంకా 86 రసీదులు మిగిలాయి. మీ పేరు ఎలా రాయమంటారు?