దోర్నాల గేటు దగ్గర ఐకిడో

పెద్దదోర్నాల సెంటర్లో తగాదా వస్తే ముందు లేచేది చెయ్యి కాదు, గొంతు. "ఏందయ్యా, నన్నెవురనుకున్నావ్?" అని మొదలై, ఎమ్మెల్యేతో ఉన్న దూరపు చుట్టరికం దాకా సాగి, తీరా కాలరు చేతికి దొరికే వేళకి అవతలివాడి మార్కాపురం బస్సు వచ్చేస్తుంది. ఇలాంటి ఊళ్లో జపాన్ యుద్ధవిద్య ఐకిడో ఏ మాత్రం పనికొస్తుందన్నది ఆషామాషీ ప్రశ్న కాదు.

ఐకిడోకు మూలపురుషుడు మొరిహెయి ఉయెషిబా (1883–1969). పొట్టి మనిషి. 1915లో హొక్కైడో దీవిలో తకెడా సొకాకు అనే గురువు దగ్గర జుజుత్సు నేర్చుకుని, దాన్ని మెత్తబరిచి తన విద్యగా మలిచాడు. మీదికొచ్చే బలానికి ఎదురు నిలవకూడదు. పక్కకు తప్పుకుని, మణికట్టో మోచెయ్యో అందుకుని, వాడి ఊపులోనే వాణ్ని తిప్పి పడెయ్యాలి. ముసలితనంలో కూడా ఆయన కుర్ర శిష్యుల్ని గిరాటేస్తున్న ఫిల్ములున్నాయి. చూస్తే అచ్చం మన సినిమా ఫైటే: హీరో చెయ్యి తగిలీ తగలకముందే రౌడీ టాటా సుమో మీద ఉంటాడు. అక్కడ అసలు పనితనం ఎగిరేవాడిది. కారంచేడులో పుట్టిన ఫైట్ మాస్టర్లు రామ్-లక్ష్మణ్‌లకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఐకిడోలో ఆ ఎగిరేవాణ్ని 'ఉకే' అంటారు. పాపం, అతను నటించడం లేదు. మెలికపడ్డ మణికట్టు విరగకుండా ఉండాలంటే దాంతోపాటే గాల్లోకి లేవాలి. చిక్కల్లా అతని దాడిలోనే ఉంది: మణికట్టు పట్టుకుంటాడు, లేదా అరచేతి అంచుతో నెత్తిమీద కొడతాడు. ఇవన్నీ కత్తుల కాలం నాటివి. ఒర నుంచి కత్తి దూయకుండా చెయ్యి పట్టుకోవడం, నడినెత్తిన కత్తి దించడం. దోర్నాలలో మణికట్టు పట్టుకునేది గాజులు తొడిగే ఆవిడ, నాడి చూసే డాక్టరు. నెత్తిమీద దెబ్బ విషయంలో మాత్రం కొంచెం ఆశ ఉంది. కర్రసాము తెలిసిన పెద్దాయన కర్రని పైనుంచే దించుతాడు. కాకపోతే రెండో దెబ్బ ఎటునుంచి వస్తుందో ఆయన ముందుగా చెప్పడు.

ఉయెషిబాకు పోటీలు గిట్టవు. అందువల్ల ఐకిడోకు పరీక్ష పెట్టేవాళ్లు లేకపోయారు. జూడో నుంచి వచ్చిన శిష్యుడు కెంజి తొమికి ఊరుకోక, ఒకడి చేతికి ఉత్తుత్తి కత్తి ఇచ్చి నిజంగానే పొడవమన్నాడు. దాంతో అందమైన గిరికీల్లో చాలావరకు తోపులాటలో కలిసిపోయాయి. "మరి టోక్యో పోలీసులు నేర్చుకుంటారు కదా?" అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. గోజో షియోదా 1955లో పెట్టిన యోషింకాన్ అనే ఐకిడో శిక్షణశాలలో అక్కడి అల్లర్ల నిరోధక పోలీసులు శిక్షణ పొందుతారు. అయితే వాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు వెనకాల లాఠీలతో మిగతా దళం కూడా ఉంటుంది.

ఈ వ్యాసకర్త లెక్కలో ఐకిడోలో పెట్టిన డబ్బుకు తగ్గ పాఠం ఒకటే: పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, భుజం మీదుగా దొర్లిపోవడం. శ్రీశైలం ఘాట్‌లో గులకరాళ్ల మీద బైకు జారినప్పుడు శత్రువు కూడా అక్కర్లేదు.

ఇక పక్కకు తప్పుకునే విద్య. దోర్నాల నుంచి శ్రీశైలం దారిలో అడవి గేటు రాత్రి 9కి వేస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు, పులులున్న నల్లమల అడవి కదా. తొమ్మిదీ అయిదుకి ఒక కారు వస్తే, గేటు కాపలాదారు ఆపాడనుకుందాం.

"దేవుడి దగ్గరికి పోతుంటే ఆపుతావా?"

"దేవుడు యాడికి పోతాడు సార్, పొద్దున్నే చూడండి."

"నేనెవరో తెలుసా?"

"తెలీకపోవడమేంది సార్! దిగండి, టీ తాగుదురు."

ఆ అరుపుకి ఆనుకోవడానికి గోడ దొరకదు. ఐకిడో వాళ్ల వెడల్పాటి హకామా వస్త్రం కట్టుకుని ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు కూడా ఇంత శుభ్రంగా తిప్పలేరు.

నల్లమల ఎలుగుబంటి సంగతి మాత్రం వేరు. అది మణికట్టు పట్టుకోదు, టీ తాగదు.