నాలుగు తీగల పంచాయితీ

పలాస స్టేషనులో రైలు దిగి కాశీబుగ్గవైపు నడచు బాటసారికి, ఊరు కంటబడుటకు మునుపే కాల్చిన జీడిపిక్కల ఘాటు ముక్కునకు సోకి, తానెచ్చటికి వచ్చినదియు ఎవ్వరిని అడుగనక్కరలేకుండ తెలిసిపోవును. అట్టి ఘాటులో తలపండిన యొక జీడిపప్పు సాహుకారుగారి దుకాణము అరుగుమీద, ఒక ఆదివారము సాయంకాలము, నాలుగడుగుల పొడవుగల అట్టపెట్టె నొకదానిని నడుమ నుంచుకొని, అందలి వస్తువును ఇంకను కన్నులార చూడకయే దాని మంచిచెడ్డలనుగూర్చి తుది తీర్పులు చెప్పుచు అయిదారుగురు పెద్దలు కూర్చుండిరి. పెట్టెలోనిది విద్యుత్తుతో పలుకు బేస్ గిటారు. కోరినవాడు సాహుకారుగారి మేనల్లుడు, సొమ్మిచ్చినవారు సాహుకారుగారు, సలహాలిచ్చినవారు తక్కిన యెల్లరు. ఉద్దానమున ఏ యూరి అరుగు చూచినను వీరే యుందురు గనుక పేర్లతో మనకు పనిలేదు.

సాహుకారు: ఒరే అల్లుడూ, పెట్టె ఇప్పకముందు ఒక్క మాట సెప్పు. గిటారుకి ఆరు తీగలంటారు, దీనికి నాలుగే. రెండు తీగలు తగ్గించి 18 వేలు పుచ్చుకున్నాడంటే ఆ కంపెనీవాడు నాకన్నా గట్టి యాపారే.

మేనల్లుడు: తగ్గినవి సన్నతీగలే, మావయ్యా. మిగిలిన నాలుగింటి స్వరములను ఒక స్థాయి క్రిందికి దింపి పలికించుటకే దీనిని చేసినారు. లావుపాటి తీగను ఊరక మీటినచో సెకనుకు 41 మారులు కంపించును. సన్నపు తీగయైనను 98 మారులే. తాళమొక ప్రక్క, రాగమొక ప్రక్క నడచుచుండగా ఆ రెంటిని అడుగునుండి పట్టి నిలుపునది ఇదియే.

సర్వజ్ఞుడు: ఈ మాత్రమునకు ఇంత వ్యాఖ్యానమేల? ప్రత్యక్షముగనే వినిపించెదను. (జేబులోనుండి సెల్ ఫోను తీసి, ఎవ్వరో విదేశీయుడు బేస్ వాయించు వీడియో నొకదానిని పెట్టి, సాహుకారుగారి చెవికడ నుంచును.)

సాహుకారు: ఏటీ, ఏటీ ఇనపడదేటి?

సర్వజ్ఞుడు: అదియే దాని గొప్పతనము.

మేనల్లుడు: గొప్పతనము దానిది కాదండీ, లోపము ఫోనుది. అంత చిన్న స్పీకరు 41 కంపనముల స్వరమును పలుకనే నేరదు. వేలు తీగకు తగిలిన టకటకయు, పైన తేలు సన్నని అనుస్వరములును మాత్రమే మీకు వినవచ్చును.

కంట్రాక్టరు: బేస్ అంటే ఏమో తెలియనివారమా మేము? టెక్కలి గ్రానైటు క్వారీలో మందుపాతర పేలిననాటినుండి ఆ నాదము నాకు పరిచితమే. మొన్న మా అమ్మవారి సంబరమునకు డీజేవాడు లారీనిండ బాక్సులు తెచ్చి పేర్చినాడు. పెంకులు జారినవి, ఆవు పాలు చేపలేదు, మా నాన్నగారి ఫొటో మేకునుండి ఊడిపడినది. అదీ బేస్! నీ గిటారు ఒక్క పెంకునైన జార్చునా?

మేనల్లుడు: జార్చదు, బాబాయిగారూ.

కంట్రాక్టరు: మరి 18 వేలెందులకు?

ఈ ప్రశ్నకు సమాధానము లేదని పాఠకులు గ్రహింతురు గాక. ఇళయరాజా పాటలను యౌవనమునుండి కూనిరాగములు తీయువారు ఆ అరుగుమీదనే ముగ్గురున్నారు. ఆ పాటలకు ఏండ్లతరబడి బేస్ వాయించిన శశిధరన్ పేరుగాని, ఆ పాటల అడుగున వేరొక పాట నడచుచున్నదను సంగతిగాని వారిలో నొక్కరును ఎరుగరు. ఎరుగకపోవుట దోషము కాదు. ఎరుగనిదానిపై ధర కట్టుటకు ముందుకు వచ్చుటయే వింత.

శాస్త్రులు: నేను విజయనగరమున సంగీతము అభ్యసించినవాడను గనుక నిర్మొగమాటముగా చెప్పుచున్నాను. మంద్రస్థాయికి మన వీణ యుండగా, అమెరికావాని కొయ్యను మెడకు తగిలించుకొనుట ఏమి దుర్గతి!

మేనల్లుడు: శాస్త్రులుగారూ, విజయనగరము సంగీత కళాశాలను 1919లో స్థాపించినపుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట ఏ వాద్యమునకు ఆచార్యులైరి?

శాస్త్రులు: ఫిడేలునకు. ఆ సంగతి పసివారికిని తెలియును.

మేనల్లుడు: ఆ ఫిడేలు ఏ దేశపు కొయ్య?

శాస్త్రులు: (ఉత్తరీయము సవరించుకొని) దాని సంగతి వేరు. అది మన సంగీతమున ప్రవేశించి రెండువందల యేండ్లైనది.

మేనల్లుడు: దీనికిని ఆపాటి గడువు ఇప్పించండి. ఇది లోకమున వ్యాపించుట మొదలైనది 1951లో. ఇంకొక నూట పాతికేండ్లు ఓర్చుకొన్నచో ఇదియు సంప్రదాయమగును.

సర్వజ్ఞుడు: వ్యాపింపజేసినవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేయు మనిషి. మునుపు మనిషికన్న ఎత్తైన నిలువు బేస్ నొకదానిని బండిమీద మోసుకొని తిరుగుచు, తీరా కచేరీలో డ్రమ్ముల మోతకు తమ వాయింపు తమకే వినబడక వాద్యకారులు అలమటించుచుండగా, మెడకు మెట్లు బిగించి, తీగలక్రింద అయస్కాంతములు అమర్చి, భుజమునకు తగిలించుకొను నట్లు ఆయన దీనిని చేసెను. ఇందులో ఒక్క పొల్లున్నచో చెప్పుడు.

మేనల్లుడు: పొల్లు లేదు. ఆయనకు గిటారు వాయించుట మాత్రము రాదందురు.

సర్వజ్ఞుడు: (ఉప్పొంగి) వింటిరా! వాయించుట రానివాడే దీని మర్మము నెరుగునని చరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. నేనును ఏనాడును తీగ ముట్టినవాడను కాను.

కంట్రాక్టరు: కొనకముందు నన్నొక్కమాట అడిగి యుండవలసినది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన పనసమాను ఒకటి మా కళ్ళములో నేటికిని పడియున్నది. బొబ్బిలి గొల్లపల్లివారు ఏకాండి పనసకొయ్యతో వీణలు చేయుట లేదా? ఆ మాను ఇచ్చినచో ఇటువంటివి నాలుగు చెక్కి యుందురు.

మేనల్లుడు: గిటారు పెట్టెకు పనస చాలవచ్చును గాని, మెడ సంగతి వేరండీ. నాలుగు తీగలును శ్రుతికి వచ్చుసరికి సుమారు 75 కిలోల లాగుడు ఆ సన్నని మెడపై పడును. అందుకే లోపల నిలువున ఒక ఉక్కు కడ్డీ పెట్టి, దానిని త్రిప్పుటకు కొసను ఒక మర ఉంచుదురు.

ఇంతలో సాహుకారుగారి గుమాస్తా, జీడిపప్పు డబ్బాలు కోయు కత్తితోనే, పెట్టెను కోసెను. గిటారు వెలికి వచ్చెను. నల్లని నిగనిగలాడు రంగు చూచి కంట్రాక్టరు గారు పాలిష్ బాగున్నదనిరి. గుమాస్తా ఉత్సాహము పట్టలేక వెంటనే రెండు మీటలు త్రిప్పి, మొదటి మెట్టున వ్రేలు పెట్టి మీటగా, గంభీరమగు నాదమునకు మారుగా రేకుమీద రాయి లాగినట్టి గరగర వచ్చెను. అరుగంతయు ఒక్క క్షణము మౌనము వహించి, తరువాత అందరును ఒకేసారి మాటాడిరి.

శాస్త్రులు: అపశ్రుతి!

సర్వజ్ఞుడు: నకిలీ సరకు. ఈ క్షణమే వెనుకకు పంపి, రేటింగులో ఒక్క చుక్క వేయవలెను.

కంట్రాక్టరు: బిగించు. ఏదైన గరగరలాడినచో బిగించుటయే విరుగుడు. ఆ మర త్రిప్పు తాళము ఇటు తే!

సాహుకారు: అల్లుడూ, ఇది గుండు కాదు, బద్ద. ఎంత మంచి గింజైనా బద్దైపోతే ధర పడిపోద్ది. సగం డబ్బు ఎనక్కి అడుగు.

మేనల్లుడు ఏమియు పలుకక టెక్కలికి ఫోను చేసెను. గంట గడచినపిమ్మట ఆర్కెస్ట్రా మాష్టారు మోటారుసైకిలు దిగెను. కెనడా బాప్టిస్టు మిషనువారు టెక్కలి ప్రాంతమున నాటిన సంఘములలో నొకదానిలో ఆదివారము ఉదయమున బేస్ వాయించుటయు, తక్కిన దినములలో పెండ్లి కచేరీల వాద్యములు బాగుచేయుటయు ఆయన వృత్తి. ఆయన సంచిలో నుండినవి నాలుగు ఎలెన్ కీలు, ఒక ఉక్కు కొలబద్ద, శ్రుతి చూపు చిన్న యంత్రము, మాసిన యొక పోస్టుకార్డు.

మాష్టారు: ముందు శ్రుతి, బాబూ. తీగలు పూర్తిగ లాగనిదే మెడ తన స్వభావమును బయటపెట్టదు. (నాలుగు తీగలను శ్రుతిచేసి) ఇప్పుడు మొదటి మెట్టుపై ఒక వ్రేలు, మెడ పెట్టెతో కలియు మెట్టుపై ఒక వ్రేలు ఆనించి ఒత్తినాను. నడుమ ఎనిమిదవ మెట్టుకడ తీగకును మెట్టునకును మధ్య ఈ కార్డు దూరవలెను. దూరుచున్నదా?

మేనల్లుడు: లేదు. తీగ మెట్టును తాకియేయున్నది.

మాష్టారు: అదీ సంగతి. మెడ మరీ బిర్రుగా నిలిచినది. తీగ కంపించుటకు చోటులేక మొదటి మెట్లమీద గరగరలాడుచున్నది. ఎక్కడి పొడిగోదాములోనో చేసిన అమరిక ఇది. మన సముద్రపు తేమగాలికి కొయ్య కదలక మానదు.

కంట్రాక్టరు: చెప్పితిని గదా! బిగించు!

సర్వజ్ఞుడు: రెండు పూర్తి చుట్లు బిగించవలెనని ఒక వీడియోలో చూచితిని.

అరుగు చివర, సాహుకారుగారు గత సంబరమున బాకీపడిన సొమ్ముకొరకు మధ్యాహ్నమునుండి కాచుకొనియున్న జముకుల కథ తాత ఒకడు అంతవరకును నోరు విప్పలేదు. (జముకును చిన్నచూపు చూడవలదు, బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉండిన సుబ్బారావు పాణిగ్రాహి 1969లో మరణించువరకు ఈ ఉద్దానమున జనమును కూడగట్టినది జముకుల కథతోనే.)

తాత: సడలించండి బావూ. మరీ బిగిసిపోనాది. నా జముకుకి మరలూ లేవు, తాళాలూ లేవు. సంకలో ఎట్టి, తీగ కొస ఎడం సేత్తో పట్టి, పాట ఎలాగెల్తే అలాగ లాగుతాను, అలాగ ఒదుల్తాను.

మాష్టారు కొసనున్న మరలో కీ దూర్చి, ఎడమవైపునకు పావుచుట్టు మాత్రము సడలించి, చేతులు కట్టుకొని కూర్చుండెను. ఏమి చేయుచున్నావని కంట్రాక్టరు గారడుగగా, కొయ్య సర్దుకొనువరకు ఊరకుండుటయు పనిలోని భాగమేయని చెప్పెను. ఊరకుండుట యనునది ఆ అరుగుమీద అంతవరకు ఎవ్వరును ఎరుగని విద్య. పది నిమిషముల పిమ్మట కార్డు దూరెను. తరువాత వంతెనకడ చిన్న మరలు త్రిప్పి, పన్నెండవ మెట్టుకడ లావుతీగను రెండున్నర మిల్లీమీటర్ల యెత్తునను, సన్నతీగను రెండు మిల్లీమీటర్ల యెత్తునను నిలిపి, అచ్చటనే తీగను తేలికగా తాకి ఒకసారి, గట్టిగా ఒత్తి ఒకసారి మీటెను. ఒత్తినపుడు స్వరము రవంత హెచ్చుగా పలికెను. ఆ తీగ ఆనుకొను చిన్న యినుపదిమ్మెను వెనుకకు జరిపి మరల మీటెను, మరల జరిపెను, రెండు స్వరములును ఒక్కటియగువరకు జరుపుచునే యుండెను. ఈ తతంగమంతయు నాలుగు తీగలకు జరుగునంతలో సర్వజ్ఞులవారు రెండుసార్లు ఆవులించిరి.

సర్వజ్ఞుడు: తీగలనుగూర్చి ఒక మాట. మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్, తీగ తెగినగాని మార్చెడివాడు కాడట. కావున వీటిని తుడువనే కూడదు.

మాష్టారు: ఆయన వాయించినది డెట్రాయిట్‌లో, ఆయన తీగలు నున్ననివి. ఇవి గరుకు తీగలు, మన వజ్రపుకొత్తూరు గాలి ఉప్పుగాలి. చెమటయు ఉప్పును చుట్ల సందులలో చేరినచో నాదము చచ్చిపోవును. వాయించిన ప్రతిసారి పొడిగుడ్డతో తుడువుము, బాబూ. మరియొక సంగతి: దీనిని మావయ్యగారి హోం థియేటరుకు తగిలించకుము, బేస్ యాంప్లిఫయరే కావలెను. ఎర్తు లేని ప్లగ్గులో పెట్టినచో ఝుమ్మని మోత వచ్చును. అది గిటారు తప్పు కాదు.

తాత: ఇంతకీ ఇది ఎవురి పాట పాడుద్ది, బావూ?

మేనల్లుడు: ఎవరి పాటయు పాడదు, తాతా. అందరి పాటకును అడుగున ఉండును.

తాత: అయితే దీని కూలి కూడా అందరికన్నా అడుగునే ఉంటాది.

సాహుకారు: కూలంటే గుర్తొచ్చింది. మాష్టారూ, తమకెంత?

మాష్టారు: 600 రూపాయలు, సాహుకారుగారూ.

సాహుకారు: కొత్త సరుక్కి రిపేరేటి? పద్దెనిమిది వేల సరుకు, నువ్వు ఒక్క పావుచుట్టు తిప్పినావు. అదీ ఎనక్కి!

మాష్టారు: తమ దుకాణములో గుండు ధర బద్దకు ఎందుకు రాదండీ?

సాహుకారు: ఒలిసిన సెయ్యిని బట్టి. అది నాకు తెలీదేటి? అందుకే ఒలిసేవోళ్లకి కిలోకింత అని లెక్క కట్టి ఇత్తాను. నీకూ అదే నాయం. తీగకింత అని పుచ్చుకో. ఆరు తీగలుంటే నీ అదృష్టం, నాలుగే ఉన్నాయి. తీగకి 150. కాదంటే ఎల్లిపో.

మాష్టారు: (దీర్ఘముగా నిట్టూర్చి) పెద్దలు తమరు. అట్లే కానిండు.

నాలుగు నూటయేబదులు లెక్కపెట్టి యిచ్చి, బేరమున తన చేయి ఎన్నడును క్రిందుపడలేదని సాహుకారుగారు ఆ రాత్రి భోజనమున కూర్చుండువరకు ఆనందించిరి. తాతకు బాకీ మాత్రము మరుసటి వారమునకు వాయిదా పడెను.

పాఠకులలో ఎవరైన బేస్ గిటారు కొనదలచినచో, రంగునకును పేరునకును ఇచ్చు సొమ్ములోనుండి ఒక ఆరువందలు ముందే విడిగా ముడివేసి ఉంచుకొనుడు. వానలు పట్టినపుడొకసారి, ఎండలు ముదిరినపుడొకసారి మెడ చూపించుట మరువకుడు. ఆదివారము ఉదయము మాత్రము మాష్టారు దొరకడు, చర్చిలో ఉండును.